నమ్మకం ఉందిగా, మరి కాగితం ఎందుకు?

ఇద్దరు కలిసి పని చేస్తున్నారు, అందులో ఒకరిది పైచెయ్యి. అలాంటప్పుడు వాళ్ళ మధ్య నమ్మకం ఎలా నిలబడుతుంది? ఇవాళ్టి విషయం ఇదే. ఇలాంటి వీడియోల్లో మామూలుగా బాసూ, టీమ్ లీడరూ అంటూ ఆఫీసు కబుర్లు ఉంటాయి. నేను మాత్రం మిమ్మల్ని పొలం గట్టు మీదకి తీసుకెళ్తాను. మన గోదావరి జిల్లాల్లో తరాల నుంచి నడుస్తున్న భాగస్వామ్యం అక్కడుంది. భూమి ఒకరిది, సాగు ఇంకొకరిది. కౌలు.

"మాకెందుకండీ వ్యవసాయం" అనుకుని స్క్రోల్ చేసేయకండి. తాతగారి రెండెకరాలు ఊళ్ళో ఉండి, మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటే, ఈ కథలో కామందు మీరే. మీ నాన్న వేరేవాళ్ళ చేను చేస్తుంటే మీరు కౌలుదారు ఇంటి పిల్లలు. రెండు వైపులవాళ్ళూ ఈ వీడియో చూస్తున్నారని నాకు తెలుసు.

ముందు లెక్క చూద్దాం. డెల్టాలో సార్వా, దాళ్వా అని రెండు పంటలు. కౌలు సాధారణంగా బస్తాల్లో మాట్లాడుకుంటారు, బస్తా అంటే 75 కిలోలు. ఉదాహరణకి ఎకరాకి ఏడాదికి 25 బస్తాలు అనుకుందాం. సార్వాలో 30 బస్తాలు పండితే అందులో 25 కామందుకి వెళ్తాయి. విత్తనం, దమ్ము, ఊడ్పు, ఎరువు, కోత మిషను, అన్నీ కౌలుదారు చేతి డబ్బే. అతనికి మిగిలేదేదైనా దాళ్వాలోనే. ఇక్కడ అసలు విషయం పట్టుకోండి. పాలుకి చేస్తే, అంటే పండినదాంట్లో చెరి సగం అనుకుంటే, పంట పోతే ఇద్దరికీ పోతుంది. ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకుంటే, పంట పోయినా కౌలు పోదు. పేరుకి ఇద్దరి భాగస్వామ్యం, నష్టం మాత్రం ఒక్కడిది.

ఇదంతా ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది. "మనవాడేగా, పదేళ్ళ నుంచి చేస్తున్నాడు, కాగితం ఎందుకు?" అంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఈ మాట ఎవరి నోటి నుంచి వస్తుందో గమనించండి. దాదాపు ఎప్పుడూ భూమి ఉన్నాయన నోటి నుంచే. కాగితం లేకపోతే ఆయనకి పోయేదేమీ లేదు మరి. పట్టాదారు పాస్‌బుక్కులో ఆయన పేరు అచ్చేసి ఉంది. కౌలుదారు ఆ చేలో ఉన్నాడని చెప్పడానికి మాత్రం ఊరివాళ్ళ నోరు తప్ప ఏమీ లేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. సార్వా చేలు కోతకి దగ్గరపడే రోజులవి. ఇలాంటప్పుడు నష్టపరిహారం ఎవరికి రావాలి? ప్రభుత్వం చూసేది ఈ-పంట నమోదు. అందులో ఎవరి పేరుంటే వాళ్ళు రైతు. పంట నష్టం లెక్క దాన్ని బట్టే, ధాన్యం కొనుగోలు దాన్ని బట్టే, డబ్బు పడే బ్యాంకు ఖాతా కూడా దాన్ని బట్టే. అక్కడ కామందు పేరుంటే, పడిపోయిన చేలో నీళ్ళు తోడుకున్నవాడు డబ్బు కోసం ఆయన గుమ్మం ముందు నిలబడాలి. ఆయన మంచివాడైతే ఇస్తాడు. ఒకరి మంచితనం మీద ఇంకొకరి ఏడాది తిండి ఆధారపడి ఉండటాన్ని నమ్మకం అనాలంటే నాకు నోరు రాదు.

ఇప్పుడు రెండో వైపుకి వద్దాం, ఎందుకంటే కామందు భయం కూడా ఉత్తిది కాదు. 1956లో ఆంధ్ర ప్రాంతానికి కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలు కనీసం 6 ఏళ్ళు ఉండాలి, ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించకూడదు, పొలం అమ్మితే కొనే హక్కు మొదట కౌలుదారుకి. ఉద్దేశం మంచిదే. కానీ కాగితం మీద సంతకం పెడితే పొలం చెయ్యి జారిపోతుందన్న భయం పట్టుకుంది. ఫలితం ఏమైందంటే కౌళ్ళు నోటిమాటలోకి దిగిపోయాయి. కొందరు కౌలుదారుని ఏటా మార్చేయడం మొదలెట్టారు. ఆ భయం తాతల నుంచి మనవల దాకా వచ్చేసింది, చట్టం పేరు తెలియనివాళ్ళకి కూడా.

అందుకే తర్వాతి చట్టాలు ఆ భయాన్ని తీసేయడం మీదే దృష్టి పెట్టాయి. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం. దీని కింద ఇచ్చేదే సీసీఆర్సీ కార్డు. ఒప్పందం 11 నెలలు. ఆ కాగితం పంట మీద హక్కు ఇస్తుంది, భూమి మీద ఇవ్వదు. పాస్‌బుక్కులో పేరు మారదు. పంట రుణం, బీమా, పరిహారం, ధాన్యం అమ్మకం, వీటికి పనికొస్తుంది.

మరి ఇంత పకడ్బందీగా ఉన్నా సంతకాలు ఎందుకు పడట్లేదు? భయం ఒక కారణమైతే, రెండోది గట్టిగా ఎవరూ చెప్పరు. ఆ పొలం మీద చాలాచోట్ల కామందే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే పొలం మీద రెండు పంట రుణాలు బ్యాంకు ఇవ్వదు. కాబట్టి కౌలుదారు చేతిలో కార్డున్నా బ్యాంకు మెట్ల దగ్గరే ఆగిపోతాడు. బయట వడ్డీకి తెచ్చుకుంటాడు. సంతకం అడిగేటప్పుడు ఎదుటివాళ్ళది భయమా, వెసులుబాటా అన్నది ముందు తెలుసుకోవాలి. భయానికి సమాధానం చెప్పొచ్చు. వెసులుబాటు అయితే బేరం ఆడాలి.

ఇంకో సంగతి. మన దగ్గర "ఆయ్" అంటాం కదా. బయటివాళ్ళు అది అవును అనుకుంటారు. కానీ కౌలుదారు కామందు ముందు "ఆయ్, అలాగేనండి" అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఎదురు చెప్పలేదని మాత్రమే. వచ్చే ఏడు చేను ఇంకొకరికి ఇచ్చేస్తారేమో అన్న బెంగ ఆ ఒక్క మాటలో ఉంటుంది. మీ ఇంట్లో భూమి ఉంటే "మావాడు ఎప్పుడూ ఏమీ అడగలేదు" అనేసి ఊరుకోకండి. అడిగే చోటు ఇచ్చారా?

అందుకే నా అభిప్రాయం, ఈ మాట మొదట పైచెయ్యి ఉన్నవాళ్ళే ఎత్తాలి. ఫోన్ చేసి "బాబాయ్, ఈ-పంటలో నీ పేరే పెట్టించు, సంతకం నేను పెడతాను" అంటే చాలు. ఆ ఒక్క ఫోనుతో వచ్చే నమ్మకం పదేళ్ళ పలకరింపులతో రాదు.

వాళ్ళు ఎత్తకపోతే? కౌలుదారు ఇంటి పిల్లలూ, మీరు మాట్లాడేటప్పుడు హక్కు అన్న పదంతో మొదలుపెట్టకండి, ఆ 1956 భయం లేచి కూర్చుంటుంది. ఇలా చెప్పి చూడండి: "బాబుగారూ, పాస్‌బుక్కులో మీ పేరు అలాగే ఉంటదండీ. పదకొండు నెలలకి ఈ కాగితం చెల్లిపోద్దండీ. తుపానొస్తే పరిహారం నా ఖాతాలో పడితే, మీ కౌలు బస్తాలు ఆగకుండా ఇచ్చుకుంటానండీ." ఇందులో ఆయన లాభం కూడా ఉంది చూశారా, బతిమాలడం లేదు. ఒక్కరే వెళ్ళొద్దు. ఒకే కామందు దగ్గర నలుగురు చేస్తుంటే నలుగురూ కలిసి వెళ్ళండి. కార్డు దొరక్కపోతే ఉమ్మడి బాధ్యతా బృందం దారి ఉంది, జేఎల్‌జీ అంటారు. 4 నుంచి 10 మంది ఒకరికొకరు పూచీ ఉండి బ్యాంకులో అప్పు అడగొచ్చు.

సంతకం అసలు కుదరదన్నారనుకోండి, అప్పుడు చేతిలో ఫోన్ ఉందిగా. కౌలు డబ్బు ఇస్తే ఫోన్‌పే చేయండి, ఏ పొలం, ఏ పంట అన్నది నోట్‌లో రాయండి. బస్తాలు తోలితే "ఇవాళ 12 బస్తాలు పంపామండీ" అని వాట్సాప్‌లో మర్యాదగా ఒక ముక్క. పంట పోతే కౌలు ఎంత తగ్గుతుందో నాట్లకి ముందే అడిగి, ఆయన చెప్పింది అలాగే మెసేజ్ పెట్టండి. సీసీఆర్సీకి ఇవి సాటి రావు. అయినా "నేనలా అనలేదే" అన్న మాట రాకుండా కాపాడతాయి.

జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలాక ఇక ఎవరికీ తీరిక ఉండదు, ఈ మాటలన్నీ ఆలోపే అయిపోవాలి. నమోదయ్యాక రైతు సేవా కేంద్రంలో ఈ-పంట జాబితా పెడతారు. వెళ్ళి మీ చేను ఎదురుగా ఎవరి పేరుందో చూసి, నాకు కామెంట్‌లో చెప్పండి. ఉంటానండీ.