ఇస్తానా తోటలో ఒక పూట

ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏం చూపించాలన్నది మన ఇళ్లలో తరచు వచ్చే ప్రశ్నే. జంతుప్రదర్శనశాల, సెంటోసా ఎలాగూ ఉన్నాయి. ఈసారి ఇస్తానాను కూడా చేర్చుకోమని సభ్యులకు మనవి.

మలయ్ భాషలో ఇస్తానా అంటే రాజభవనం. మొదట ఇది బ్రిటిష్ గవర్నర్ల నివాసం. ఇప్పుడు సింగపూర్ అధ్యక్షుల అధికార భవనం. 1959లో స్వపరిపాలన వచ్చాకనే దీనికి ఇస్తానా అన్న పేరు వచ్చింది. రోజూ ప్రవేశం ఉండదు. దీపావళి, చైనీయుల కొత్త సంవత్సరం వంటి పండుగల సందర్భంలో ఏడాదికి కొద్ది రోజులే గేట్లు తెరుస్తారు. తేదీ, టిక్కెట్టు సంగతి ముందే కనుక్కుని బయలుదేరడం మంచిది.

చాంగీ బిజినెస్ పార్క్ నుంచి దారి సులువు. ఎక్స్‌పో స్టేషన్‌లో రైలెక్కి తానా మేరాలో మారి, సిటీ హాల్‌లో మళ్లీ మారితే తరువాతి స్టేషనే ధోబీఘాట్. అంటే మన చాకలిరేవే! అక్కడికి ఇస్తానా గేటు నాలుగడుగులు.

ఒకప్పుడు ఇది ప్రిన్సెప్ అనే దొరగారి జాజికాయ తోట. 1867లో గవర్నరు హ్యారీ ఆర్డ్ ఈ నేల కొనిపించి మేడకు పునాది వేయించాడు. 1869లో పని పూర్తయింది. తోట ఇప్పటికీ 40 హెక్టార్ల పైచిలుకే. పచ్చిక బయళ్లు, మహావృక్షాలు, హంసలు తిరిగే కొలను. పెద్దవాళ్లు నీడన కూర్చుంటే పిల్లలు పరుగులు పెట్టడానికి చోటుకు కొదవలేదు.

ఇక అసలు సంగతి. మేడకు నమూనా గీసినవాడు మేజర్ మెక్‌నేర్. కట్టినవారు మాత్రం ఖైదీలు. బెంగాలు, బొంబాయి, మద్రాసు రాజధానుల నుంచి ద్వీపాంతర శిక్ష పడి ఓడల్లో వచ్చినవారే వారిలో ఎక్కువమంది. ఆనాటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉండేవన్నది మరువరాదు. ఇక్కడ వారు తాపీపని, వడ్రంగం, రాతిపని నేర్చి రోడ్లు వేశారు, భవనాలు లేపారు. 1873లో ఆ జైలు మూతపడింది.

వారి పనితనం చేత్తో తడిమి చూడాలంటే దారిలో సిటీ హాల్ స్టేషన్ పక్కనే ఉన్న సెయింట్ ఆండ్రూస్ చర్చి దగ్గర దిగండి. 1862లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి కూడా ఖైదీలు కట్టిందే. గోడల పూతను మద్రాసు సున్నం అనేవారు. గుల్లసున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం కలిపి, కొబ్బరిపీచు నానిన నీటితో మెత్తగా నూరి పూసి, ఆరాక రాళ్లతో మెరుగుపెట్టేవారట. డంగు సున్నం ఎరిగిన మన తాతలకు ఇది కొత్త విద్య కాదు.

మనం ఉద్యోగపు కాగితాలతో విమానం దిగాం. వారు సంకెళ్లతో దిగారు. గవర్నరు పేరూ ఇంజనీరు పేరూ పుస్తకాల్లో నిలిచాయి. ఇటుక పేర్చిన చేతుల పేర్లు చాలామటుకు నిలవలేదు. మేడ ముందు ఫొటో తీసుకునేటప్పుడు ఈ ఒక్క మాట పిల్లలకు చెప్పండి. ఈ ఊరిని కట్టినవారిలో మన దేశంవాళ్లూ ఉన్నారని వాళ్లకు తెలియాలి.