రెండు పలకల మధ్య వేడి: కాంటాక్ట్ గ్రిల్ కొనే ముందు

కీలుతో కలిపిన రెండు లోహపు పలకలు, వాటి వెనుక అమర్చిన వేడితీగలు, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే ఒక థర్మోస్టాట్ కలిస్తే విద్యుత్ కాంటాక్ట్ గ్రిల్ అవుతుంది. ఆహారాన్ని కింది పలకమీద పరిచి పైపలకను దించగానే దాని రెండు ముఖాలూ ఒకేసారి వేడి లోహాన్ని తాకుతాయి. దుకాణాల్లో దీన్ని ఇంట్లోనే బొగ్గులమీది కాల్పు రుచినిచ్చే సాధనంగా చూపిస్తారు గాని, భౌతికశాస్త్ర దృష్టిలో ఇది నిప్పులకంటే పెనానికే దగ్గరి చుట్టం. కొనాలా వద్దా అన్న నిర్ణయంలో మిగతా ప్రశ్నలన్నీ ఈ చుట్టరికాన్ని అర్థం చేసుకున్న తరవాతే సరిగ్గా తేలతాయి.

వేడి ఒకచోటినుంచి మరొకచోటికి మూడు విధాలుగా చేరుతుంది. ఒక వస్తువు మరొకదాన్ని తాకినప్పుడు అణువునుంచి అణువుకు సాగేది ఉష్ణవహనం. వేడెక్కిన గాలిగాని నీరుగాని కదులుతూ మోసుకుపోయేది ఉష్ణసంవహనం. మధ్యలో ఏ పదార్థమూ అక్కరలేకుండా పరారుణ కిరణాల రూపంలో వచ్చేది ఉష్ణవికిరణం. ఎర్రగా రాజుకున్న బొగ్గు ఉపరితలం 600 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది కనుక, దానికి పైన ఊచలమీద ఉన్న మాంసానికి ప్రధానంగా వికిరణం ద్వారానే వేడి అందుతుంది. పైగా మాంసంనుంచి జారిన కొవ్వు, మసాలా నిప్పులమీద పడి కాలి, ఆ పొగ తిరిగి మాంసానికి పడుతుంది. జనం బొగ్గుల రుచి అనుకునేదానిలో పెద్ద పాలు ఈ పొగదే. కాంటాక్ట్ గ్రిల్ పలకలు సాధారణంగా 180నుంచి 230 డిగ్రీల మధ్య పనిచేస్తాయి, జారిన కొవ్వు కాలకుండా కింద తొట్టెలోకి పోతుంది, కాబట్టి ఆ పొగా లేదు, ఆ రుచీ లేదు. పలకలమీది గాళ్లవల్ల ఆహారంపై పడే నల్లచారలు కంటికి ఇంపుగా ఉంటాయే తప్ప ఈ లోటును తీర్చవు. అయితే ఇందులో ఒక మేలు కూడా ఉంది: కొవ్వు నిప్పులపై కాలినప్పుడు బెంజోపైరీన్ వంటి బహువలయ హైడ్రోకార్బన్లు పుడతాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు, పొగ లేనిచోట వాటి బెడదా బాగా తగ్గుతుంది.

పొగ రుచికోసం బొగ్గుల కుంపటిని గదిలోకి తేవడం మాత్రం ప్రాణాంతకం. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు మూసిన గదిలో పేరుకుని మనిషికి తెలియకుండానే స్పృహ తప్పిస్తుంది. అమెరికాలోని అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అగ్నిప్రమాద నిబంధనలు బాల్కనీలో బొగ్గుల గ్రిల్‌నుగాని గ్యాస్ గ్రిల్‌నుగాని అనుమతించవు. విద్యుత్తుతో ఇంటిలోపలే పనిచేసే గ్రిల్‌కు అక్కడ గిరాకీ రావడానికి అదొక కారణం.

ఇక వహనం సంగతి. మాంసంలోగాని కూరగాయలోగాని వేడి లోపలికి చొచ్చుకుపోయే వేగాన్ని ఉష్ణవిస్తరణశీలత అనే రాశితో కొలుస్తారు. మాంసంలో నీటిపాలే ఎక్కువ కనుక ఈ విలువ నీటి విలువకు దగ్గరగా, సెకనుకు 0.14 చదరపు మిల్లీమీటర్ల మేర ఉంటుంది. ఈ రాశినిబట్టి తేలే ముఖ్యమైన సూత్రం ఏమిటంటే, వేడి నడిగర్భానికి చేరే కాలం దూరానికి కాక దూరపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. రెండు వైపులా పలకలు ఉన్నప్పుడు వేడి ప్రయాణించవలసిన దూరం మందంలో సగమే కాబట్టి, ఒకవైపునుంచి మాత్రమే వేడి చేసినప్పటితో పోలిస్తే కాలం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్రిజ్‌లోంచి 5 డిగ్రీలవద్ద తీసిన 2 సెంటీమీటర్ల మందపు కోడి రొమ్ముముక్క నడిభాగం, సురక్షితమని చెప్పే 74 డిగ్రీలకు చేరడానికి లెక్కప్రకారం ఏడెనిమిది నిమిషాలు చాలు. అదే ముక్క 4 సెంటీమీటర్లు ఉంటే అరగంట పడుతుంది, ఈలోపు పైభాగం మాడి చెక్కలా తయారవుతుంది. పలచని ముక్కకు ఈ పరికరం చేసే మేలు ఎంత పెద్దదో, మందపు ముక్కకు చేసే చేటూ అంతే పెద్దది.

ఈ లెక్కంతా ముక్క రెండు ముఖాలూ పలకలకు పూర్తిగా తగులుతాయన్న షరతుమీద నిలిచింది. తాకని చోట మధ్యలో గాలి ఉంటుంది, గాలి వేడిని బహు తక్కువగా ప్రసరింపజేస్తుంది. తెలుగు ఇళ్లకు వచ్చే కోడిమాంసం చాలావరకు ఎముకతో సహా కొట్టిన కూరముక్కలే. వాటిని గ్రిల్‌లో పెట్టి మూస్తే పైపలక ఎత్తైన ఎముకమీద ఆగిపోయి, చుట్టూ ఉన్న కండ పచ్చిగా మిగులుతుంది. చందువ చేపను నిండుగా పెడితే నడుము వేగేలోపు తోక ఎండిపోతుంది. వంజరం ముక్కలు, పన్నీరు బిళ్లలు, చక్రాలుగా తరిగిన వంకాయ, రొట్టెముక్కల మధ్య కూర పెట్టిన శాండ్‌విచ్ మాత్రం సమమైన మందంతో ఉంటాయి కనుక ఈ పరికరానికి చక్కగా ఒదుగుతాయి. పైపలక కీలు స్థిరంగా ఉండక మందాన్నిబట్టి పైకి లేచి సమాంతరంగా కూర్చునేదిగా ఉండాలని చెప్పడం ఇందుకే. కీలు కదలని చవకరకాల్లో వెనకవైపు ముక్క నలిగిపోతుంది, ముందువైపు ముక్క తగలనే తగలదు.

రంగూ రుచీ రావడానికి మరో అడ్డంకి నీరు. ఆహారం ఉపరితలంమీద తడి ఉన్నంతసేపు పలక ఎంత వేడిగా ఉన్నా అక్కడి ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు, ఎందుకంటే అందిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి మింగే సుమారు 2,260 కిలోజౌళ్ల వేడినే గుప్తోష్ణం అంటారు. వేపుడుకు ఎర్రటి రంగును, కమ్మని వాసనను ఇచ్చేది అమైనో ఆమ్లాలకూ చక్కెరలకూ మధ్య జరిగే మయార్ చర్య. ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీ మయార్ 1912లో దీన్ని వివరించాడు. ఇది చురుగ్గా సాగడానికి 140 డిగ్రీలకు అటూ ఇటూ ఉష్ణోగ్రత కావాలి, అంటే ముందు పైతడి ఆరాలి. తెరిచి ఉన్న పెనంమీద ఆవిరి పైకి స్వేచ్ఛగా పోతుంది. మూసిన గ్రిల్‌లో పక్కలనుంచే పోవాలి. పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించిన పన్నీరు ముక్కలను కిక్కిరిసేలా పేర్చి మూత దించినవారికి చివరకు దక్కేది ఉడికిన పన్నీరే. గుడ్డలో కట్టి నీరు వార్చిన పెరుగు వాడడం, ముక్కల మధ్య ఎడం ఉంచడం, పలకలు పూర్తిగా వేడెక్కాకే పెట్టడం అనే మూడు జాగ్రత్తలకూ వెనక ఉన్న శాస్త్రం ఒక్కటే.

కొనేవారు వాట్ల సంఖ్యను ఎందుకు చూడాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. అరకిలో కోడిమాంసాన్ని 5 డిగ్రీలనుంచి 75 డిగ్రీలకు తేవడానికి సుమారు 120 కిలోజౌళ్లు కావాలి. దానిలోంచి 50 గ్రాముల నీరు ఆవిరైతే మరో 113 కిలోజౌళ్లు. రెండూ కలిపి 230 కిలోజౌళ్లు దాటుతుంది. పలకల్లో ముందే నిలవ ఉన్న వేడి కొంత ఆదుకుంటుంది: మొత్తం ఒక కిలో బరువున్న అల్యూమినియం పలకలు 220 డిగ్రీలనుంచి 150కి దిగితే 63 కిలోజౌళ్లు వదులుతాయి. మిగిలినది విద్యుత్తునుంచి అప్పటికప్పుడు రావాలి. సాధారణ శాండ్‌విచ్ మేకర్‌లో ఉండే 750 వాట్ల తీగ, నష్టమేమీ లేదనుకున్నా, దీన్ని పూరించడానికి దాదాపు నాలుగు నిమిషాలు తీసుకుంటుంది, ఆలోపు పలక చల్లబడి మాంసం తన నీటిలో తానే ఉడుకుతుంది. 1,500 వాట్లయితే రెండు నిమిషాలలోపే ఆ లోటు తీరుతుంది. రొట్టెలు కాల్చడానికి చాలే పరికరం మాంసానికి చాలదు. కరెంటు ఖర్చు మాత్రం నిర్ణయాన్ని అటో ఇటో తిప్పేంతది కాదు. 1,500 వాట్ల గ్రిల్ ఇరవై నిమిషాలు ఆగకుండా పనిచేసినా అరయూనిట్టే కాలుతుంది, థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతుంది కనుక నిజానికి అంతకూడా కాదు.

ఈ పరికరానికి ప్రపంచమంతటా పేరు తెచ్చినది 1994లో అమెరికాలో సాల్టన్ కంపెనీ విడుదల చేసిన జార్జ్ ఫోర్‌మన్ గ్రిల్. అదే ఏడాది నవంబరులో 45 ఏళ్ల వయసులో హెవీవెయిట్ బాక్సింగ్ పట్టాన్ని తిరిగి గెలిచిన ఫోర్‌మన్ పేరును శాశ్వతంగా వాడుకోవడానికి 1999లో ఆ కంపెనీ 13 కోట్ల 75 లక్షల డాలర్ల విలువైన ఒప్పందం చేసుకుంది. ఏటవాలు పలకలమీదుగా కొవ్వు కారిపోతుంది కాబట్టి ఇది ఆరోగ్యకరమన్నది ప్రచారంలోని ముఖ్య వాదన. ఐదో వంతు కొవ్వు కలిసిన గొడ్డుమాంసపు కీమా బిళ్లలు తినే సమాజంలో ఆ వాదనకు అర్థముంది. చర్మం తీసిన కోడిరొమ్ములో నూటికి మూడు పాళ్ల ప్రాంతంలోనే కొవ్వు ఉంటుంది, కారడానికి అందులో ఏముంది? పన్నీరులో సుమారు ఐదో వంతు కొవ్వే అయినా, పులుపుతో విరిగిన పాల మాంసకృత్తుల అల్లికలో అది చిక్కుకుని ఉంటుంది, ఆ అల్లిక వేడికి కరగదు కూడా. తొట్టెలో చేరిన ద్రవమంతా కొవ్వేనని సంతోషించేవారు అందులో ఎక్కువ భాగం మాంసపు నీరేనని గమనించరు. ఆంధ్ర, తెలంగాణ వంటింట్లో ఈ పరికరంవల్ల కొవ్వు తగ్గేదేమైనా ఉంటే అది మూకుడునిండా నూనె పోసి వేయించే అలవాటు తప్పడంవల్లే. మందపాటి పెనంమీద ఒక చెంచా నూనెతో వేయించినా ఆ లాభం దక్కుతుంది.

పలకలమీది అంటుకోని పూత చాలావరకు పి.టి.ఎఫ్.ఇ. అనే ప్లాస్టిక్, అంటే 1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న పదార్థం. 260 డిగ్రీల వరకు ఇది నిలకడగా ఉంటుంది, 350 దాటితే విచ్ఛిన్నమై విషవాయువులు వదులుతుంది. ఆ వాయువులకు పెంపుడు చిలుకలు మనుషులకంటే చాలా ముందే బలవుతాయి. థర్మోస్టాట్ సరిగా ఉన్న గ్రిల్ అంతదాకా పోదు కాబట్టి అసలు సమస్య ఆయుర్దాయమే: ఇనుప గరిటెతో, పీచుతో నాలుగు నెలలు గీకితే పూత లేస్తుంది, పూత లేచిన గ్రిల్‌తో చేయగలిగింది ఏమీ లేదు, ఇనుప పెనంలా దాన్ని మళ్లీ నూనె పట్టించి పదును చేసుకోలేరు. విడదీసి కడిగే పలకలు ఉన్నవి శుభ్రతకు మేలు, ముఖ్యంగా పసుపు, పెరుగు, కారం గాళ్లలో ఎండి అతుక్కునే వంటలకు; అయితే తీగకూ పలకకూ మధ్య ఏర్పడే సన్నని సందువల్ల వాటిలో వేడి కాస్త నెమ్మదిగా అందుతుంది. తీగ పలకలోనే పొదిగిన రకాల్లో ఈ లోపం ఉండదు గాని వాటి వెల ఎక్కువ.

ఆఖరున ప్లగ్గు చూడాలి. భారతదేశంలో విద్యుత్ సరఫరా 230 వోల్టులు. గోడకున్న 6 ఆంపియర్ల మామూలు సాకెట్ భరించగలిగేది రెండిటి లబ్ధమైన 1,380 వాట్లే. అంతకుమించిన గ్రిల్‌కు గీజరుకూ ఏసీకీ పెట్టే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, దానికి సరైన ఎర్తింగు కావాలి. సన్నని తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సరిపెట్టుకుంటే వేడెక్కేది పలకలు మాత్రమే కాదు. వంటగట్టు దగ్గర పవర్ ప్లగ్గు లేని ఇంటివారు గ్రిల్ వెలకు ఎలక్ట్రీషియన్ ఖర్చునూ కలుపుకోవాలి. వేడితీగ ఇచ్చే శక్తి వోల్టేజి వర్గానికి అనుపాతంలో మారుతుంది కనుక, సాయంత్రాలు వోల్టేజి 200కి పడిపోయే ఊళ్లలో 1,500 వాట్ల గ్రిల్ సుమారు 1,130 వాట్లే ఇస్తుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అమెరికానుంచి వచ్చే బంధువులచేత గ్రిల్ తెప్పించుకోవాలనుకునే కుటుంబాలకు ఈ వర్గసూత్రమే అసలు హెచ్చరిక. అక్కడి గృహసరఫరా 120 వోల్టులు, మామూలు సర్క్యూట్ 15 ఆంపియర్లు కావడంతో ఈ తరహా గ్రిల్ ఏదీ 1,800 వాట్లు మించదు. అలాంటి 1,500 వాట్ల గ్రిల్ పిన్నులకు అడాప్టరు తగిలించి ఇక్కడి సాకెట్‌లో పెడితే, వోల్టేజి దాదాపు రెట్టింపైనందువల్ల 24 ఆంపియర్లు లాగుతూ 5,500 వాట్ల వేడికి ఎగబాకుతుంది, అంటే ఫ్యూజు కొట్టేయాలి లేదా తీగ కాలిపోవాలి. ఇక్కడి 2,000 వాట్ల గ్రిల్‌ను అక్కడికి పట్టుకెళ్లిన విద్యార్థికి 550 వాట్లకంటే తక్కువే దక్కుతుంది, దానితో రొట్టె గోరువెచ్చన కావడమే గగనం. ఫోను చార్జర్లమీద 100–240 వోల్టులని రాసి ఉండడం చూసి అన్నిటికీ అంతేననుకోవడం పొరపాటు. వోల్టేజిని తనకు తానే సర్దుకునే సర్క్యూట్ సాధారణంగా వేడితీగల పరికరాల్లో ఉండదు. 1,500 వాట్లు మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది గాని, అది గ్రిల్‌కంటే బరువు, వంటగట్టుమీద దానికంటూ ఇంకొంత చోటు కేటాయించాలి.