ఒకే కొండ మీద మూడు వరసల పట్టాలు

మెక్సికోలో ‘చేపె’ రైలు దివిసాదెరో స్టేషన్‌లో ఆగగానే కొందరు తిండికి, కొందరు లోయ చూడటానికి పరిగెడతారు. ఆగేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. పట్టాల పక్కనే పొయ్యిల మీద రేకు పెనాలు కాలుతుంటాయి. మందపాటి మొక్కజొన్న రొట్టె కాల్చి, పొట్ట చీల్చి, లోపల మాంసమో చిక్కుడు గింజలో కూరి చేతికిస్తారు. దాని పేరు గోర్దీత. అది తింటూ నాలుగడుగులు వేస్తే కాపర్ కాన్యన్ లోయలు. వాటిలో ఉరీకె లోతు 1,800 మీటర్ల పైచిలుకు. చలికాలంలో అంచున పైన్ చెట్ల మీద మంచు పడుతుంది. అడుగున మామిడి, బొప్పాయి కాస్తాయి.

ఈ దారిని అందం చూసి ఎవరూ వేయలేదు. సరుకు కోసం వేశారు.

అమెరికా నడిబొడ్డు నుంచి పసిఫిక్ తీరానికి శాన్‌ఫ్రాన్సిస్కో కన్నా మెక్సికోలోని తొపొలొబాంపొ రేవు దగ్గర. 19వ శతాబ్దం చివర్లో ఆల్బర్ట్ ఓవెన్ అనే అమెరికన్ ఇంజినీర్ అక్కడికి రైలు వేయాలని చూశాడు, సాగలేదు. 1900లో ఆర్థర్ స్టిల్‌వెల్ కాన్సస్ సిటీ నుంచి అదే రేవుకు దారి తలపెట్టాడు. కొంతమేర పట్టాలు పడ్డాక మెక్సికో విప్లవం వచ్చిపడింది, కంపెనీ దివాలా తీసింది. సియెర్రా మాద్రె కొండల్లో పని అలాగే మిగిలిపోయింది. ప్రభుత్వం 1940లో లైన్‌ను చేతిలోకి తీసుకుంది. చివరికి 1961 నవంబర్ 24న అధ్యక్షుడు అదోల్ఫో లోపెస్ మాతెయోస్ దీన్ని ప్రారంభించారు.

చివావా నుంచి తొపొలొబాంపొ దగ్గరి లోస్ మోచిస్ దాకా సుమారు 650 కిలోమీటర్లు, 86 సొరంగాలు, 37 వంతెనలు. దాదాపు 2,400 మీటర్ల ఎత్తు నుంచి సముద్ర తీరానికి దిగాలి. ఉక్కు చక్రానికి ఉక్కు పట్టా మీద పట్టు తక్కువ, నిటారు వాలు పనికిరాదు. అందుకే ఇంజినీర్లు దారిని సాగదీశారు. తేమోరిస్ దగ్గర కిటికీలోంచి కిందికి చూస్తే అదే లోయలో మరో రెండు వరసల పట్టాలు కనిపిస్తాయి. రైలు సొరంగంలోకి దూరి, చీకట్లోనే వెనక్కి మళ్లి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి బయటపడుతుంది. తర్వాత నది మీద వంపు వంతెన దాటి ఇంకో వరసకు దిగుతుంది.

2018లో పర్యాటకుల కోసం చేపె ఎక్స్‌ప్రెస్ వచ్చింది. కొండ ఊళ్లవాళ్లు ఎక్కువగా ఎక్కేది చేపె రీజినల్. ఈ కొండలు రరామురి ఆదివాసులవి. సుదూర పరుగుకు వాళ్లు పెట్టింది పేరు. స్టేషన్లలో ఆ స్త్రీలు పైన్ ఆకులతో అల్లిన బుట్టలు అమ్ముతారు.

లోయలు పగటి వెలుగులో చూడాలంటే లోస్ మోచిస్ వైపు నుంచి పొద్దున్నే బయల్దేరడం మేలు. చివావా నుంచి వస్తే, ముఖ్యంగా చలికాలంలో, తేమోరిస్ చేరేలోపే చీకటి పడిపోవచ్చు.