గచ్చకాయ ఎందుకు చేజారింది?

మధ్యాహ్నం వేళ అరుగుమీద గచ్చకాయల ఆట సాగుతున్నది. ఒక కాయను పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేలమీది కాయలు ఏరి, ఆ పడే కాయను అదే చేత్తో పట్టాలి. ఆడేవాళ్ళలో ఆరేళ్ళ పిల్ల ఒకతె ఉన్నదనుకుందాం. ఎగరేసిన కాయ ప్రతిసారీ ఆమె వేళ్ళ పక్కనుంచి జారిపోతున్నది. "దిక్కులు చూడకే! ధ్యాస ఆటమీద పెట్టు!" అని అమ్మమ్మ గదిమింది. పాపం, ఆ పిల్ల దిక్కులు చూడనే లేదు.

మరి కాయ ఎందుకు చేజారింది?

కాయను మూరెడు ఎత్తు ఎగరేస్తే, అది తిరిగి చేతికి రావటానికి సుమారు 0.6 సెకండు పడుతుంది. అంత కొద్దిలో కన్ను పైకాయను చూసి, నేలమీదికి దూకి, మళ్ళీ పైకి రావాలి. చెయ్యి కాయలు ఏరి, వెల్లకిలా తిరిగి, కాయ పడేచోటికి ముందుగానే చేరాలి. కాయ వచ్చాక బయలుదేరిన చేతికి దొరికేది గాలే! ఈ లెక్కలు సరిచూడటానికి మన తల వెనుక భాగాన, పెద్ద మెదడు కింద, చిన్నమెదడు ఉన్నది. పేరుకు చిన్నదేగాని, మెదడులోని నాడీకణాలలో సగానికి పైగా అందులోనే ఉన్నాయి. చెయ్యి ఎంత తప్పిందో అది కనిపెట్టి, తరువాతిసారి ఆ మేరకు సవరిస్తుంది. పదిసార్లు జారవిడిస్తేనే గాని చెయ్యి తిరగదని పెద్దలు అనేది ఇందుకే.

కాని కన్ను పంపే సమాచారంలోనే లోటు ఉంటే?

మన రెండు కళ్ళకూ మధ్య ఐదారు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. అందువల్ల ఒక్కొక్క కన్నూ కాస్త వేరు బొమ్మ చూస్తుంది. ఆ రెంటినీ కలుపుకుని, వస్తువు ఎంత దూరాన ఉన్నదో మెదడు తెలుసుకుంటుంది. వీట్‌స్టన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు 1838లో ఈ సంగతి నిరూపించాడు. మీరూ పరీక్షించవచ్చు. స్నేహితుణ్ణి ఒక పెన్సిలు నిటారుగా పట్టుకోమనండి. మీరు ఒక కన్ను మూసుకుని, చెయ్యి చాచి, మీ పెన్సిలు మొనను దాని మొనమీద ఆనించటానికి ప్రయత్నించండి. తరువాత రెండు కళ్ళూ తెరిచి అదే పని చెయ్యండి. తేడా మీకే తెలుస్తుంది.

కొందరు పిల్లలకు ఒక కన్ను మెల్ల ఉంటుంది. కొందరికి ఒక కంటికి కావలసిన అద్దం రెండో కంటి అద్దానికన్న చాలా ఎక్కువ నంబరుది. అప్పుడు మెదడుకు ఒక చక్కని బొమ్మా, ఒక మసక బొమ్మా అందుతాయి. మెదడు మసక బొమ్మను పక్కన పెట్టేస్తుంది. కొంతకాలానికి ఆ కంటిమాట వినటమే మానేస్తుంది. దీన్ని జనం సోమరి కన్ను అంటారు, వైద్యులు ఆంబ్లియోపియా అంటారు. సోమరి అనటం అన్యాయం! ఆ కన్ను పనిచేస్తూనే ఉన్నది, దాని మొర ఆలకించేవారే లేరు.

చిక్కేమిటంటే, ఈ సంగతి ఆ పిల్లకు తెలియదు. పుట్టినప్పటినుంచీ లోకం అలాగే కనిపిస్తే, ఇంకోలా ఉంటుందని ఎలా తెలుస్తుంది? మంచి కంటితో బడిలో నల్లబల్ల చదువుతుంది గనక మాస్టారూ కనిపెట్టరు. బంతి చేజారుతుంది, గ్లాసులో పోసిన నీళ్ళు పక్కన పడతాయి, పుస్తకం చదవటం నెమ్మదిగా సాగవచ్చు. అందరూ కలిసి "అజాగ్రత్త" అని పేరు పెడతారు.

చికిత్స ఏమిటో వింటే మీకు నవ్వు వస్తుంది. మంచి కన్నును మూసెయ్యటమే! బ్యూఫాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1743లోనే ఈ ఉపాయం చెప్పాడు. ఇప్పుడు ముందు కళ్ళజోడు ఇస్తారు. కొందరికి దానితోనే గుణం కనిపిస్తుంది. చాలకపోతే మంచి కంటికి పట్టీ అతికిస్తారు. రోజంతా అక్కరలేదు. 2003లో అమెరికాలో ఏడేళ్ళలోపు పిల్లలను పరీక్షించి చూశారు. లోపం మధ్యరకంగా ఉన్నవారిలో, రోజుకు 2 గంటలు పట్టీ కట్టినవారికీ 6 గంటలు కట్టినవారికీ నాలుగు నెలల్లో చూపు ఒకేలా మెరుగుపడింది. పట్టీ ఉండగా దగ్గరి వస్తువులతోనే పని చెయ్యాలా అని 2008లో మరోసారి చూశారు. దూరపు ఆటలు ఆడినా ఫలితం అంతే! అంటే పిల్ల తనకు ఇష్టమైన ఆట ఆడుకోవచ్చు. ఆటలో పడ్డ పిల్ల పట్టీని పీకెయ్యదు. అదే పెద్ద లాభమని నా ఉద్దేశం.

ఆడటానికి ఏమున్నాయంటారా? చేటలో కలిపిపోసిన పెసలూ కందులూ వేరుచెయ్యటం, పూసలు గుచ్చటం, చుక్కల ముగ్గు కలపటం, వామనగుంటలు. గచ్చకాయలు వెంటనే వద్దు. ముందు పల్చని రుమాలు ఎగరేసి పట్టాలి, అది మెల్లగా దిగుతుంది. తరువాత బెలూను, తరువాత గుడ్డబంతి, ఆఖరున గచ్చకాయ. కళ్ళు బాగున్నా చెయ్యి మాట వినని పిల్లలకూ, దృష్టి నిలవని పిల్లలకూ ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఇలాగే పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు కుదిరాకే రెండోది ఎక్కిస్తారు.

తల్లిదండ్రులకు ఒక మాట. పట్టీ మీ అంతట మీరు కట్టవద్దు, పసివాళ్ళలో మంచి కన్ను దెబ్బతినవచ్చు. ఇంట్లో పిల్లల చేత ఒక్కొక్క కన్నే మూయించి, ఎదురుగోడ మీది క్యాలెండరు చదివించండి. తేడా ఉంటే కంటివైద్యుణ్ణి చూడండి. సినిమాలు తీసిన ఎల్.వి. ప్రసాద్ పేరిట 1987లో హైదరాబాదులో మొదలైన నేత్రవైద్యశాలలో పిల్లలకు వేరే విభాగమే ఉన్నది. ఏడేళ్ళలోపు చికిత్స బాగా పట్టుతుంది. ఆపైన పనికిరాదనికాదు. 7 నుంచి 17 ఏళ్ళవారిలో కూడా కొందరికి చూపు మెరుగైనట్టు 2005లో తేలింది. ఇకపోతే, కంటి వ్యాయామాలతో చదువురాని జబ్బు నయం చేస్తామనేవారిని నమ్మి డబ్బు పోసుకోకండి. అందుకు తగిన రుజువులు లేవని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, కంటివైద్యుల సంఘాలు 2009లో కలిసి ప్రకటించాయి.

ఇక అరుగుమీది పిల్ల సంగతి. పట్టీ కట్టిన మొదటి రోజుల్లో ఆమె ఏడుస్తుంది, రుమాలు కూడా జారవిడుస్తుంది. అమ్మమ్మ ఎదురుగా కూర్చుని లెక్కపెట్టాలి. కొన్నాళ్ళపాటు రెండు చేతులతో పట్టినా పందెం నెగ్గినట్టేనని ఒప్పుకోవాలి.