అన్నీ ఒకే పెట్టెలోనా, దేనికది విడిగానా?

తెలుగునాట ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామందికి కాలేజీ ల్యాబులోని నీలం తెర గుర్తుండే ఉంటుంది. అదే టర్బో సి. ప్రోగ్రామ్ రాసేదీ అందులోనే, కంట్రోల్ ఎఫ్9 నొక్కి నడిపేదీ అందులోనే. ఆల్ట్ ఎఫ్5 కొడితే ఫలితం కళ్లముందుండేది. దాన్ని 1987లో తెచ్చింది కాలిఫోర్నియాకు చెందిన బోర్లాండ్ కంపెనీ.

దానికి అన్నలాంటిది టర్బో పాస్కల్. 1983 నవంబరులో 49.95 డాలర్లకే అమ్మకానికి వచ్చింది. అంతకుముందు చిన్న కంప్యూటర్ల మీద పనంటే పెద్ద తిరుగుడే. ఎడిటర్‌లో రాయాలి, బయటికొచ్చి, రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను నడపాలి, తప్పు ఎన్నో వరుసలో ఉందో చూసుకుని మళ్లీ ఎడిటర్ తెరవాలి. డెన్మార్క్ కుర్రాడు ఆండర్స్ హెజ్‌ల్స్‌బర్గ్ ఎడిటర్‌నీ కంపైలర్‌నీ కలిపి 40 కిలోబైట్లలోపు ఇమిడ్చాడు. తప్పు తగలగానే కంపైలర్ ఆగిపోయేది, కర్సర్ సరిగ్గా అక్కడికే వెళ్లి నిలబడేది.

అమెరికా రెండో కొసన, న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో ఆలోచన వేరు. అక్కడ పుట్టిన యూనిక్స్‌లో ఒక్కో పరికరానిది ఒక్కటే పని. 1973లో వచ్చిన పైప్ వాటిని కలిపింది: గ్రెప్ వెతికిన వరుసలను సార్ట్ అందుకుని క్రమంలో పెడుతుంది. నచ్చని పరికరాన్ని తీసేసి మరొకటి పెట్టుకోవచ్చు.

చిక్కులూ ఉన్నాయి. అక్కడ ఒకాయన ఓ పూటంతా తప్పు వెతుకుతూ కూర్చున్నాడు. తీరా చూస్తే తప్పు ముందే దిద్దాడు, ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడమే మరిచాడు. ఆ అవస్థ చూసి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో ‘మేక్’ రాశాడు. ఏ ఫైలు మారిందో చూసి, దానికి సంబంధించినవే మళ్లీ కంపైల్ చేయించే పని దానిది. విడి పరికరాల ఇబ్బందికి మందు, ఇంకో విడి పరికరం!

కలిపి కట్టినవాళ్లకు మరో బెడద. పది భాషలు, అయిదు ఎడిటర్లు ఉన్నాయనుకుందాం. ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషా నేర్పాలంటే 50 జోడింపులు. మైక్రోసాఫ్ట్ 2016లో రెడ్ హ్యాట్, కోడెన్వీలతో కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ దీన్ని తేలిక చేసింది. భాష తెలిసిన ప్రోగ్రామ్ విడిగా నడుస్తుంది. ఎడిటర్‌తో ఒక ఒప్పందం ప్రకారం మాట్లాడుతుంది. అప్పుడు పదిహేను చాలు.

2015లో బయటికొచ్చిన విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. పైకి అంతా ఒకే కిటికీ. వెనక కంపైలర్ వేరు, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ వేరు. టైప్ చేస్తుండగానే తప్పు కింద ఎర్రగీత పడుతుంది. దాన్ని పట్టుకునేది చాలాసార్లు పక్కన నడిచే మరో ప్రోగ్రామే. ఆ ఎడిటర్‌లో చాలాభాగం రాసింది టైప్‌స్క్రిప్ట్ భాషలో. 1996లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, తర్వాత ఆ భాషకు రూపకల్పన చేసినవాడు టర్బో పాస్కల్ రాసిన హెజ్‌ల్స్‌బర్గే.