ఒకే మాట నాలుగు రిసీవర్లకు అందితే, ఏది వినాలి?

ప్రశ్న: నగరాల్లోని పోలీసు, ఫైర్ వైర్‌లెస్ వ్యవస్థల్లో ఒక్క మనిషి మాట్లాడిన మాటను నాలుగైదు చోట్ల పెట్టిన రిసీవర్లు ఒకేసారి అందుకుంటాయట. వాటిలో ఏది బాగుందో యంత్రం ఎలా తేలుస్తుంది? అసలు అన్ని రిసీవర్లు ఎందుకు?

రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. అమెరికాలోని కనెటికట్ రాష్ట్ర పోలీసులకు డేనియల్ నోబుల్ రూపొందించిన ఎఫ్‌ఎం రేడియో వ్యవస్థ 1940 నాటికి పనిచేస్తోంది. అప్పట్లో సెట్లు కార్లలో ఉండేవి. కారు బ్యాటరీ తోడుండేది, యాంటెన్నా బయట నిటారుగా నిలబడేది. తర్వాతి రోజుల్లో సెట్ చేతిలోకి, నడుముకున్న బెల్టు మీదికి వచ్చింది. తంటా అక్కడ మొదలైంది. కొండ మీదున్న స్టేషన్ 100 వాట్లతో పలుకుతుంటే చేతి సెట్ బదులిచ్చేది 5 వాట్లతో. ఇరవయ్యో వంతు! పైగా యాంటెన్నా పొట్టిది, ఒంటికి ఆనుకుని ఉంటుంది. కంట్రోల్ రూమ్ మాట ఇతనికి ఖణీమని వినిపిస్తుంది, ఇతని మాట మాత్రం అక్కడికి చేరదు. స్టేషన్ శక్తి ఎంత పెంచినా ఈ లోటు తీరదు. సెట్ శక్తి పెంచుదామంటే బ్యాటరీ గంటల్లో అయిపోతుంది, తల పక్కనే అంత రేడియో శక్తి వెలువడటమూ మంచిది కాదు. అందుకని ప్రసారం ఒకచోటి నుంచే చేస్తూ, వినే రిసీవర్లను మాత్రం ఊరంతా పరుస్తారు. వాటర్ ట్యాంక్ మీద ఒకటి, ఎత్తయిన భవనం మీద మరొకటి. అన్నింటి నుంచీ టెలిఫోన్ లైన్లో మైక్రోవేవ్ లింకులో ఒక పెట్టె దగ్గరికి వస్తాయి. దాన్ని వోటర్ అనీ కంపారేటర్ అనీ అంటారు.

అన్నింటినీ కలిపి వినిపిస్తే పోలేదా? కుదరదు. బలహీనమైన రిసీవర్ తన వంతు హోరు తెచ్చి కలుపుతుంది. లైన్ల పొడవులు వేరు కాబట్టి ఒకే మాట కాస్త ముందూ వెనకా చేరి, గొట్టంలోంచి మాట్లాడినట్టు తయారవుతుంది. ఏ క్షణానికైనా ఒక్కదాన్నే ఎంచుకోవాలి.

ఎంపికకు కొలబద్ద ఏమిటి? గొంతు ఎంత పెద్దగా ఉందన్నది కాదు. ఎఫ్‌ఎంలో సిగ్నల్ బలహీనపడినంత మాత్రాన మాట చిన్నబోదు, దాని వెనక బుసబుసమనే హోరు పెరుగుతుంది. సిగ్నల్ బలపడేకొద్దీ ఆ హోరు అణగిపోతుంది. కాబట్టి వోటర్ వెతికేది అతి తక్కువ హోరున్న లైన్‌ను. ఈ హోరు పై స్థాయి పౌనఃపున్యాల్లో, అంటే మాట ఆగిపోయే 3000 హెర్ట్జ్‌కు పైన ఎక్కువ. రిసీవర్ లోపలైతే దాన్ని అక్కడే వడకట్టి కొలవచ్చు, సిగ్నల్ లేనప్పుడు హోరు వినిపించకుండా ఆపే స్క్వెల్చ్ చేసే పని అదే. కానీ టెలిఫోన్ లైన్ దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. కొలవాల్సిన హోరులో చాలా భాగం దారిలోనే రాలిపోతుంది. అందుకే కొన్ని వోటర్లు మాటకూ మాటకూ మధ్య వచ్చే చిన్న విరామాల్లో మిగిలిన చప్పుడును కొలుస్తాయి. మనిషి ఊపిరి తీసుకునే ఆ కాస్త సందే వాటికి ఆధారం.

మోటరోలా కంపెనీ వారి స్పెక్ట్రా-టాక్ అనే వోటర్ పద్ధతిలో పని ఎలా సాగుతుందో చూడండి. ఎవరూ మాట్లాడనప్పుడు ప్రతి రిసీవర్ 2175 హెర్ట్జ్ సన్నని స్వరాన్ని లైన్‌లో పంపుతూనే ఉంటుంది. ‘నేనున్నాను, లైన్ బాగుంది, సిగ్నల్ లేదు’ అని దానర్థం. ఒక పోలీసు బటన్ నొక్కాడనుకోండి. అతని మాట అందిన మూడు రిసీవర్లలో ఆ స్వరం ఆగి, మాట మొదలవుతుంది. అందని నాలుగోదాంట్లో స్వరం కొనసాగుతుంది కనుక దాన్ని పోటీలోకే రానివ్వరు. ఏదైనా లైన్‌లో స్వరమూ మాటా రెండూ లేకపోతే తీగ తెగిందని తెలిసిపోతుంది. మిగిలిన మూడింట్లో హోరు తక్కువున్నది, మాటను తిరిగి ప్రసారం చేసే రిపీటర్‌కూ, కంట్రోల్ రూమ్‌కూ వెళ్తుంది. అతను మాట్లాడుతూనే మెట్ల గదిలోకి దిగాడు, ఇప్పుడు వేరే రిసీవర్ మెరుగు. మాట మధ్యలోనే వోటర్ అటు మారుతుంది. అయితే కొత్తది పాతదానికన్నా కొంచెం స్పష్టంగా మెరుగైతేనే మారేలా ఏర్పాటు ఉంటుంది. లేకపోతే దాదాపు సమానమైన రెంటి మధ్య అటూ ఇటూ ఊగుతూ వినేవాళ్ల ప్రాణం తీస్తుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది లైన్ల సమానత. పాత లైన్ ఒకటి పై పౌనఃపున్యాలను మింగేస్తోందనుకోండి. మాటతో పాటు హోరూ అణగిపోతుంది. కంపారేటర్ దాన్ని ‘శుభ్రమైన సిగ్నల్’ అని నమ్మి ఎంచుకుంటుంది. గుడ్డ అడ్డం పెట్టి మాట్లాడినట్టున్న గొంతు గెలుస్తుంది, పక్క రిసీవర్‌లోని స్పష్టమైన మాట ఓడిపోతుంది. అత్యవసరంలో ఉన్న మనిషి చెప్పిన ఇంటి నంబరు అలా పోతుంది. అందుకే టెక్నీషియన్ ప్రతి రిసీవర్ నుంచీ 300 నుంచి 3000 హెర్ట్జ్ దాకా పరీక్షా స్వరాలు పంపి, ఈక్వలైజర్ తిప్పుతూ అన్ని లైన్లనూ ఒకేలా సరిచేయాలి. ఆలస్యాలనూ సరిచేయాలి, లేకపోతే మారిన చోట అక్షరం ఎగిరిపోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. ఈ పని ఏడాదికోసారి మొక్కుబడిగా చేసేది అనుకోవడం తప్పని నా అభిప్రాయం.

ఇంకో మోసం ఉంది. ఎక్కడిదో పరాయి ప్రసారం, మాటేమీ లేకుండా బలంగా వచ్చి పడితే, హోరు లేదు కాబట్టి అదే గెలవాలి. దీన్ని ఆపడానికి అసలు సెట్లు మాటతో పాటు 67 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఒక మంద్ర స్వరాన్ని కలిపి పంపుతాయి. ఆ గుర్తు లేని సిగ్నల్‌ను రిసీవర్ పట్టించుకోదు.

పీ25 అనే డిజిటల్ రేడియో ప్రమాణంతో నడిచే వ్యవస్థల్లో మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వస్తుంది. ఇక హోరు కొలిచే పని లేదు. ఏ రిసీవర్ పంపిన ముక్కలో బిట్ల తప్పులు తక్కువో చూసి దాన్ని తీసుకుంటారు. ఇంటర్నెట్ తరహా నెట్‌వర్క్ మీద నడిచే వోటింగ్‌లో ముక్కలు ఒక్కోసారి ఒక్కో ఆలస్యంతో వస్తాయి కాబట్టి, జీపీఎస్ గడియారంతో ప్రతి ముక్కకూ సమయం ముద్రవేసి వరసలో పేర్చే పద్ధతి ఉంది.

ఏ రిసీవర్ ఎప్పుడు గెలిచిందో చాలా వోటర్లు దీపాలతోనో రికార్డుతోనో చూపిస్తాయి. దాన్ని చదవడం అలవాటు చేసుకున్న టెక్నీషియన్‌కు ఫిర్యాదు రాకముందే సంగతి తెలుస్తుంది. ఫలానా పేటలో రోజూ గెలిచే రిసీవర్ వానలు పడ్డాక గెలవడం మానేస్తే, ముందు దాని యాంటెన్నా కేబుల్‌లోకి నీళ్లు దిగాయేమో చూడాలి.