ట్రాక్టర్ మొరాయిస్తే...

మిక్సీ తిరగకపోతే ప్లగ్గు చూస్తాం. గ్యాస్ స్టవ్ సరిగ్గా మండకపోతే బర్నర్ తీసి శుభ్రం చేస్తాం. అదే ట్రాక్టర్ దగ్గరికొచ్చేసరికి 'మనకెందుకులే, మగవాళ్ల యవ్వారం' అని పక్కకు జరుగుతాం. మరి ఆ మగవాళ్లు ఊళ్లో లేకపోతే? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఇది ఉత్తుత్తి ప్రశ్న కాదు. గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వీధి మా వైపు అరుదు. పొలం, పిల్లలు, అత్తమామలు, బీడీల చాట... వీటితో పాటు ట్రాక్టర్ తాళంచెవి కూడా మా చేతికే వచ్చింది.

మాది కోరుట్ల దగ్గర పల్లె. మా ఆయన దుబాయిలో ఉంటారు. యాసంగి నాట్ల రోజులు. నారు ముదురుతోంది. ఎనిమిదింటికల్లా 15 మంది నాట్లకు వస్తారు. ఆలోపు మడి దున్ని ఉంచాలి. చీకటితోనే వచ్చిన డ్రైవర్ తాళం తిప్పాడు. 'టక్' మంది, ఊరుకుంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ టక్. "వదినా, ఇయ్యాల బండి స్టార్ట్ అయ్యేటట్టు లేదు" అన్నాడు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే సాయంత్రం వస్తానన్నాడు. సాయంత్రం వస్తే ఏం లాభం? పిలిచిన కూలీలను ఉత్త చేతులతో పంపలేం కదా! మా ఆయన్ను అడుగుదామంటే ఇక్కడ ఆరైతే అక్కడ నాలుగున్నర. అలసిపోయి పడుకున్న మనిషిని ఎలా లేపడం?

మా అక్కను సిరిసిల్లలో ఇచ్చారు. వాళ్లింట్లో సాంచాలున్నాయి. వంటింట్లో కూర కలుపుతూనే చప్పుడు మారిందంటే ఏ సాంచా ఆగబోతోందో చెప్పేస్తుంది. ట్రాక్టరూ అంతే. ముందు చెవిపెట్టి వినాలి.

చప్పుడే చెబుతుంది!

తాళం తిప్పితే అసలు ఉలుకూ పలుకూ లేదా? గేరు న్యూట్రల్‌లో ఉందా చూడండి. కొన్ని బండ్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ పనిచేస్తుంది. 'టక్' మని ఆగిందంటే ఎక్కువసార్లు బ్యాటరీ తగవే. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయిందన్నా అనుకోవాలి, వైర్లు సరిగా అంటుకోలేదన్నా అనుకోవాలి. లైట్లు అలాగే వెలుగుతూ ఇంజన్ మాత్రం కదలకపోతే తప్పు సెల్ఫ్ మోటారు వైపు ఉంటుంది. అది మెకానిక్ పని.

మా బండికి లైట్లు ఆరిపోయినంత పనయ్యాయి. బ్యాటరీ మూత తీస్తే టెర్మినల్స్ చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకుంది. చలికి బ్యాటరీ బలం ఎలాగూ తగ్గుతుంది, దానికి ఇదొకటి తోడు. దీనికి మందు వంటింట్లోనే ఉంది. గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. సెల్ మూతలు బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోకూడదు. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు చివర మైనస్ వైరు. లేకపోతే పానా బండి బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. చేతికున్న బంగారు గాజులు, ఉంగరాలు తీసేయండి. పక్కన బీడీ వెలిగించే పెద్దమనిషి ఉంటే దూరంగా పంపండి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు నిప్పు తగిలితే పేలుతుంది. తుడిచి, ఆరాక బిగించి, పైన కాస్త వాజ్‌లైన్ రాశాం. అంతే, బండి లేచింది. ఏడున్నరకు కేజ్‌వీల్స్ మడిలో దిగాయి.

ఇంజన్ గిరగిరా తిరుగుతోంది, అందుకోవడం లేదు... అప్పుడు బ్యాటరీని వదిలేసి డీజిల్ సంగతి చూడాలి. పాత మోడళ్లలో ఇంజన్ ఆపడానికి లాగే నాబ్ ఒకటుంటుంది. దాన్ని లోపలికి నెట్టకుండా వదిలేస్తే ఎంతసేపు తిప్పినా డీజిల్ రాదు. ఇది నవ్వులాటగా ఉంటుంది కానీ చాలా ఇళ్లలో జరిగేదే. తర్వాత సైలెన్సర్ చూడండి. తిప్పుతున్నప్పుడు పొగే రాకపోతే డీజిల్ ఇంజన్‌కు అందడం లేదు. తెల్లపొగ వస్తుంటే అందుతోంది కానీ మండడం లేదు.

ట్యాంకు ఒకసారి పూర్తిగా ఎండిపోతే పైపుల్లో గాలి చేరుతుంది. దాన్నే 'ఎయిర్ పట్టింది' అంటారు. డీజిల్ పోసి, ఫిల్టర్ పైనున్న చిన్న స్క్రూ ఒకటి రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు కొట్టాలి. మొదట నురగ వస్తుంది. బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా కొట్టి, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. ఇంజెక్టర్లకు పోయే సన్నటి ఇనుప గొట్టాల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలోంచి చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలొచ్చాయి. ఎలక్ట్రానిక్ ఇంజన్లున్న అలాంటి బండ్లకు ఈ స్క్రూ విద్యలు పనికిరావు, కంపెనీవాళ్లను పిలవాల్సిందే.

మా ఊళ్లో ఇంకో అలవాటుంది. తాళం పనిచేయకపోతే కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ కలుపుతారు. బండి గేర్లో ఉంటే స్టార్టవుతూనే కదులుతుంది, పెద్ద చక్రం ముందున్నది మనమే! ఎవరెంత తొందరపెట్టినా ఆ పని చేయకండి, చేయనివ్వకండి. సెల్ఫ్ కూడా పది సెకన్లకు మించి కొట్టకూడదు. అర నిమిషం ఆగి మళ్లీ. ఇంజన్ నడుస్తుండగా కొంగు, చున్నీ నడుముకు చుట్టి బిగించుకోవాలి. ఫ్యాన్ బెల్టుకు చీరా, పంజాబీ డ్రెస్సూ ఒకటే.

నాట్లయ్యాక డీజిల్ ఫిల్టర్ మార్చాలని జగిత్యాల వెళ్లాను. కౌంటర్ వెనకున్నాయన "మీ సారు రాలేదా అమ్మా?" అన్నాడు. పాత ఫిల్టర్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, "ఇట్లాంటిదే ఇవ్వండి" అన్నాను. (పాతది తీసుకెళ్తే మోడల్ నంబరు గొడవుండదు.) ఆయన దాన్ని తిప్పి చూసి, "దీంట్లో నీళ్లు దిగినయ్, డ్రమ్ములో డీజిల్ నిల్వ పెడుతున్నరా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి మా డ్రమ్ము వానకు తడవని చోట, మూత బిగించి ఉంటోంది. అడుగున మిగిలే నాలుగు లీటర్లు ట్యాంకులో పోయడం లేదు.